పెరి అంటే చుట్టూ

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి, కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లను తప్పించుకుంటూ నడిస్తే, జ్యూస్ సెంటర్ పక్క సందులో ఒక పాత భవనం వస్తుంది. దాని మూడో అంతస్తులో అనుపమ పాఠం చెబుతుంది. ఆ భవనానికి లిఫ్టు ఉంది గానీ అది ఎప్పుడు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. గదిలో ఒక తెల్ల బోర్డు, గోడకు అస్థిపంజరం బొమ్మ, ప్లాస్టిక్ కుర్చీలు. ఇక్కడ నేర్పేది మెడికల్ కోడింగ్. డాక్టర్లు రాసిన జబ్బు పేరు చదివి దానికి సరిపడే అంకె వెయ్యడం ఆ ఉద్యోగం. ఇన్సూరెన్సు వాళ్లు ఆ అంకెను చూసే బిల్లు పాస్ చేస్తారు. డిగ్రీలో బోటనీయో ఫార్మసీయో చదివి, ఎటు పోవాలో తెలియని పిల్లలు ఈ మెట్లెక్కుతారు.

అనుపమ కూడా ఒకప్పుడు అలా ఎక్కినదే. తర్వాత అక్కడే పాఠాలు చెప్పడానికి కుదురుకుంది. ప్రతి బ్యాచ్‌కూ మొదటి వారం ఒకటే పాఠం. వైద్యుల భాషలో మాటకు ముందు తగిలించే చిన్న ముక్కలు. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ, పెరి అంటే చుట్టూ. ఆమె చెప్పడం, పిల్లలు గట్టిగా అనడం. రోడ్డు మీద హారన్లు, పక్క గదిలో జావా పాఠం, వీటన్నిటి మధ్య ఎక్కాలు అప్పజెప్పినట్టు సాగిపోయేది. అందులో ఆమె మనసు పెట్టి చాలా కాలమైంది.

వానాకాలం బ్యాచ్ మొదలైన రోజు ఆమె గది బయట చెప్పులు విడుస్తుండగానే లోపల పిల్లలంతా ఒక్కసారి లేచి నిలబడిన చప్పుడు వినపడింది. నన్ను చూడకముందే లేచారేమిటని లోపలికి వచ్చింది. తెల్ల గడ్డం, పొట్టి చేతుల చొక్కా, నెత్తిన జాలీ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. పిల్లలు ఆయనే సారనుకున్నారు. ఆయనేమో కంగారుపడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"కూసోండ్రి, కూసోండ్రి. నేను సుత మీ లెక్కనే, చదువుకోనీకి వచ్చిన."

ఆయన పేరు మొహియుద్దీన్. మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఉర్దూ కాగితాలను తెలుగులోకి, తెలుగు కాగితాలను ఉర్దూలోకి మార్చే నౌకరీ చేసి రిటైరయ్యాడు. ఇల్లు పంజాగుట్టలో. ఈ వయసులో ఈ కోర్సు ఎందుకని ఆమె ఇన్‌స్టిట్యూట్ యజమాని కామరాజును అడిగితే, ఆయన తన తూర్పు గోదావరి నవ్వు నవ్వాడు.

"ఏమోనండీ మేడం గారూ. ఉద్యోగం కోసం కాదట, తెలుసుకోవడానికట. కూర్చోనివ్వండి, మనకేం పోయింది?"

పోయేదేమిటో మొదటి గంటలోనే తెలిసింది. పెరి అంటే చుట్టూ అని ఆమె అనగానే, పిల్లలు తిరిగి అనగానే, వెనక వరసలోంచి చెయ్యి లేచింది.

"గది ఎవల మాట మేడం?"

"గ్రీకు మాట సార్."

"గ్రీకోళ్లు గుండె చుట్టూ ఉన్నదానికే పెరి అంటరా? ఇంటి చుట్టూ ఉన్నదానికి సుత అంటరా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అనుపమను ఎవరూ అడగలేదు, తనకు తాను కూడా వేసుకోలేదు.

"అది సిలబస్‌లో లేదు సార్," అంది.

ఆయన "సరే మేడం" అని మర్యాదగా చెయ్యి దించేశాడు. కోపమో వెటకారమో కనపడి ఉంటే ఆమె మరిచిపోయేదేమో. ఆ సరే అనడంలో ఏమీ లేదు. పాఠం అయిపోయాక కూడా అది ఆమె చెవిలో ఉండిపోయింది.

సాయంత్రం ఎర్రగడ్డ స్టేషన్లో దిగి, అమ్మ చెప్పిన తోటకూర కోసం రైతుబజారుకు వెళ్లింది. వానకు నేలంతా చిత్తడి. గేటు పక్కన కుళ్లిన క్యాబేజీ ఆకులు, టమాటాలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆ గుట్ట మీదుగా గోడకు పచ్చరంగు అక్షరాలు. 'పరిసరాలను పరిశుభ్రంగా ఉంచండి.' పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చదువుతున్న వాక్యమే. బడి గోడ మీద, బస్టాండులో, చెత్తబండి మీద, ఆసుపత్రి మెట్ల దగ్గర. అంతగా చదవడం వల్లే ఎన్నడూ చదవని వాక్యం.

అనుపమ తోటకూర కట్ట చేతిలో పట్టుకుని అక్కడే ఆగిపోయింది. పరిసరాలు. అంటే మన చుట్టూ ఉన్నవి. పరిశుభ్రం. అంటే అన్ని వైపులా శుభ్రం. పరి. పెరి. పెరి అంటే చుట్టూ.

"జరుగక్కా, బండి పోనియ్యి," అని వెనక తోపుడుబండివాడు అరిచేదాకా ఆమె ఆ గోడకేసే చూస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చి తోటకూర గట్టు మీద పెట్టీ పెట్టకముందే తల్లిని అడిగింది. భూలక్ష్మి వంటింటి గడప దగ్గర పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"అమ్మా, పరి అంటే ఏంది?"

"పరి ఏంది? పరిగెనా?" భూలక్ష్మి చేతులాపి తలెత్తింది. "వరి కోసినంక పొలంల ఎన్నులు రాలుతుండె. మా చిన్నతనంల గంపలు తీస్కపోయి ఏరుకుంటుంటిమి. గది పరిగె. ఇయ్యాల్రేపు మిషన్లొచ్చినంక ఎవలేరుతున్నరు?"

అది వేరే మాటని అనుపమకు అనిపించింది, అచ్చంగా తెలుగు నేల మాట. అయినా తల్లి ముఖంలో ఆ ఒక్క మాటతో వచ్చిన వెలుగు చూసి కాసేపు అక్కడే కూర్చుంది. ఆ తర్వాత ఫోన్లో నిఘంటువులు తెరిచింది. ఒకటి చదివితే ఇంకొకటి, అది చదివితే మరొకటి. సంస్కృతంలో పరి, గ్రీకులో పెరి, పాత ఇరానీ భాషలో పైరి. మూడూ ఒక తల్లి పిల్లలు. విడిపోయి ఒకరు గ్రీసుకు, ఒకరు ఇరానుకు, ఒకరు ఇటువైపు నడిచారు. ఎంత దూరం నడిచినా చుట్టూ అనే అర్థాన్ని ముగ్గురూ కొంగున కట్టుకునే పోయారు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చాక గానీ ఆమె తలెత్తలేదు.

"ఏం చూస్తున్నవే గంత గనం?" అని భూలక్ష్మి గిన్నె దించుతూ తిట్టింది.

మర్నాడు అనుపమ గదిలోకి రాగానే ఎక్కాలు చదివించలేదు. బోర్డు మీద ఒక వైపు పెరి అని, ఒక వైపు పరి అని రాసింది. నిన్న సాయంత్రం గోడ దగ్గర ఏం జరిగిందో చెప్పింది. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టారు.

"పెరికార్డియం, గుండె చుట్టూ ఉండే సంచి. పెరియాస్టియం, ఎముక చుట్టూ ఉండే పొర. ఇవి మన పరీక్షలో వస్తాయి. ఇప్పుడు పరీక్ష అనే మాటే చూడండి. పరి, ఈక్ష. ఈక్ష అంటే చూడటం. చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ చూడటం పరీక్ష. రక్తపరీక్షయినా, మీరు రాసేదయినా."

"మరి పీరియడ్ మేడం?" అంది ముందు వరసలో రవళి అనే అమ్మాయి. అని, నాలిక కరుచుకుంది. అబ్బాయిలు తలలు దించుకున్నారు.

"మంచి ప్రశ్న. అదీ ఈ ఇంటిదే. పెరి అంటే చుట్టూ, హోడోస్ అంటే దారి. తిరిగి తిరిగి మొదటికి వచ్చే దారి. బళ్లో గంటకొకసారి వచ్చేదీ పీరియడే, నువ్వనుకున్నదీ పీరియడే. సిగ్గుపడాల్సింది ఏముంది?"

మొహియుద్దీన్ ఇంతసేపూ మోచేతులు ముందు కుర్చీ వీపు మీద ఆనించి, ఆకలిగా ఉన్నవాడు వంటింటి వైపు చూసినట్టు బోర్డు వైపు చూస్తున్నాడు. చివరికి మెల్లగా లేచాడు.

"మేడం, మా ఇండ్లల్ల బీమారుంటే పరేజ్ అంటరు. ఉప్పు తినకు, నూనె తినకు, గట్ల. మీరు పథ్యం అంటరు గద, గది. అసల్ మాట పర్హేజ్. మా అబ్బాజాన్ జర ఫార్సీ చెప్పిండు నాకు, అందుకని అడుగుతున్న. గీ మాటల ఉన్న పర్ సుత గదేనా? జర చూసి చెప్తరా?"

"నాకు తెలియదు సార్. చూసి చెప్తాను," అంది అనుపమ. తెలియదు అన్న మాట తరగతిలో అనడం ఆమెకు అదే మొదలు. అన్నాక ఏదో ఊడిపడుతుందనుకుంది. ఏమీ ఊడిపడలేదు.

చూసింది. అదీ ఆ ఇంటిదే. చుట్టూ ఉన్నవాటిని వదిలి దూరంగా ఉండటం పర్హేజ్. ఆ మాట పట్టుకుని వెతికితే ఇంకోటి దొరికింది. పరస్తార్. అంటే సేవ చేసేవాడు, చుట్టూ నిలబడి ఉండేవాడు. మన పరిచారిక అంటే చుట్టూ తిరిగేది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడే నర్సును ఫార్సీ వాళ్లు ఇప్పటికీ పరస్తార్ అంటారట. ఆ సంగతి చెప్పినప్పుడు మొహియుద్దీన్ కళ్లు చెమర్చాయి. ఆయన బదులుగా ఇంకొకటి ఇచ్చాడు.

"ఫిర్దౌస్ ఎట్ల పుట్టిందో మా అబ్బాజాన్ చెప్పిండు మేడం. స్వర్గం గద ఫిర్దౌస్ అంటే. మొదలు గది తోట పేరు. చుట్టూ గోడ కట్టిన తోట. గా మాటనే గ్రీకోళ్లు తీస్కపోయిండ్రు, ఇంగ్లీషుల ప్యారడైజ్ అయ్యింది. ఇరానుల అంత ఎండ గద, చుట్టూ ఇసుక. గోడ కట్టి లోపల నాలుగు చెట్లు, కొన్ని నీళ్లు పెట్టుకుంటే గదే జన్నత్ వాళ్లకు."

"మన సికింద్రాబాద్ ప్యారడైజా చాచా?" అన్నాడు దుర్గేష్ అనే కుర్రాడు వెనక నుంచి. "చుట్టూ ట్రాఫిక్ గద గాడ!"

గది మొత్తం పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి పిల్లలకు ఆ పిచ్చి అంటుకుంది. మెట్లెక్కుతూ, టీ తాగుతూ, మాటల్లో పరి ఎక్కడుందా అని వెతకడం. దుర్గేష్ పరాటా తెచ్చాడు. పరత్ అంటే పొర బేటా, అది వేరే ఖాందాన్ అని మొహియుద్దీన్ తేల్చాడు. రవళి పర్మిషన్ తెచ్చింది. అది లాటిన్ మాట, అందులో పెర్ అంటే గుండా, నీకు అడ్డం లేకుండా పోనివ్వడం అని అనుపమ చెప్పింది. ఇంకెవరో పరేషాన్ తెచ్చారు. నలుగురు దాని చుట్టూ మూగారు. బుర్ర చుట్టూ చింతలు తిరుగుతాయి గనక అదీ ఈ ఇంటిదే అయ్యుండాలని మొహియుద్దీన్ వాదించాడు. వినడానికి ఎంత బాగున్నా ఎక్కడా ఆధారం దొరకలేదని అనుపమ ఒప్పుకోలేదు. బోర్డు మీద దాన్ని ఒక మూల రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

సరిగ్గా ఆ ప్రశ్న గుర్తు పెడుతున్నప్పుడే కామరాజు తలుపు తోసుకుని వచ్చాడు. వెనక ఉచిత డెమో చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు, పిల్లలు. మెడికల్ కోడింగ్ గది బోర్డు నిండా పరాటా, పర్మిషన్, పరేషాన్, స్వర్గం. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పక్క సందులో ఇంకో ఇన్‌స్టిట్యూట్ ఉందట కదా అనుకుంటూ దిగిపోయారు.

కామరాజు ఆమెను తన గాజు గదిలోకి పిలిచాడు. అరిచే మనిషి కాదు. అందుకే ఇంకా ఇబ్బంది.

"ఏంటండీ మేడం గారూ ఇది? పక్క బ్యాచ్ ఊపిరితిత్తుల దాకా వెళ్లిపోయింది. మనం ఇంకా పెరి దగ్గరే ఉన్నాం. మీరు మంచి ట్రైనరండీ. ఆ పెద్దాయన వచ్చాకే ఇలా అయింది. ఆయన్ని రేపట్నుంచి రావద్దని మీరే నెమ్మదిగా చెప్పండి. నేను చెబితే బాధపడతారు."

"ఆయన తప్పేం లేదు సార్."

"తప్పని నేనన్నానా? చెప్పండంతే."

తెల్లారి ఆమె మెట్రోలో నిలబడి నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుంది. ఏ రకంగా కూర్చినా ఆయన "సరే మేడం" అనడమే వినపడుతోంది. తీరా గదిలోకి వస్తే వెనక వరసలో ఆ కుర్చీ ఖాళీ. మర్నాడూ ఖాళీయే. మూడో రోజు అనుపమ తిన్నగా గాజు గదికి వెళ్లింది.

"మీరే చెప్పేశారా సార్ ఆయనకు?"

కామరాజు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అయ్యో, నేనెందుకు చెబుతానండీ? మీరు చెప్పారనుకున్నాను."

రవళి దగ్గర ఆయన నంబరుంది. ఫోన్ చేస్తే చాలాసేపటికి ఎత్తాడు. గొంతు అలిసిపోయి ఉంది. పంజాగుట్టలో ఆసుపత్రిలో ఉన్నానని, భార్యకు మళ్లీ శ్వాస ఆడటం లేదని చెప్పాడు. ఏ ఆసుపత్రో, ఏ అంతస్తో అడిగి, మధ్యాహ్నం బ్యాచ్ ముగించుకుని అనుపమ బయల్దేరింది. ఒక్క స్టేషన్ దూరం. ఆ కాస్త దూరమూ ఆమెకు ఒకటే ఆలోచన. ఈయన అసలు ఎందుకు వచ్చాడో ఇన్నాళ్లూ ఎవరం అడగలేదు.

ఆసుపత్రిలో ఆయన భార్య జైనబ్ మంచం తలవైపు ఎత్తు పెట్టి ఉంది. వెనక్కి వాలితే ఆయాసం వస్తుందని ముందుకు వంగి, దిండును గుండెలకు హత్తుకుని కూర్చుంది. సన్నగా, చురుకైన కళ్లతో ఉన్న మనిషి. అనుపమను చూడగానే ఆయాసం మధ్య నవ్వింది.

"నువ్వేనా బేటీ పరేజ్ మేడం? రోజు ఇంటికొచ్చి నీ మాటలే. ఉప్పు లేని కూర పెట్టుకుంట పరేజ్ కథ చెప్తడు. నాకు కోపమొస్తది."

మొహియుద్దీన్ అనుపమను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కింద ఫ్లైఓవర్ మీద బండ్లు చీమల్లా కదులుతున్నాయి.

"ఎండాకాలంల సుత గిట్లనే అయ్యింది మేడం. డాక్టర్ వచ్చి పెరికార్డియల్ అన్నడు, ఎఫ్యూజన్ అన్నడు, ఇంకేమో ఇడియోపతిక్ అన్నడు. నేనేమో ఇడియట్ అంటుండనుకున్న. ఎవర్ని అంటుండు, నన్నా, మా జైనబ్‌నా? నవ్వి తల ఊపిన." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "జిందగీ అంత మాటలు అటునుంచి ఇటు మోసుడే నా నౌకరీ. గా రోజు మా ఇంటి మనిషి జబ్బు నాకు ఒక్క మాట సుత అర్థం గాలే. ఏమైంది అని జైనబ్ అడిగితే, ఏం లేదు, ఫికర్ చెయ్యకు అన్న. నాకే తెల్వంది ఆమెకు ఏం చెప్పాలె? అందుకే మీ బోర్డు చూసి మెట్లెక్కిన."

అనుపమ కిటికీ నుంచి ఆయన వైపు తిరిగింది. "ఇడియోపతిక్ పాఠం ఇంకా రాలేదు సార్ మనకు," అంది. "ఇప్పుడు చెప్పనా?"

"చెప్పుండ్రి."

"ఇడియోస్ అంటే సొంతం, తనదే అయినది. పాథోస్ అంటే బాధ, జబ్బు. బయటి కారణం ఏదీ కనపడకుండా, తనంతట తాను వచ్చిన జబ్బు. ఎందుకొచ్చిందో తెలియదు అని చెప్పడానికి డాక్టర్లు వాడే మాట."

"మరి ఇడియట్?"

"ఆ మాటా ఇక్కడిదే. మీరు సగం కరెక్టే విన్నారు. ఊరి సంగతులు పట్టించుకోకుండా తన సొంత గొడవలోనే ఉండేవాణ్ణి గ్రీకు వాళ్లు అలా పిలిచేవాళ్లు. తర్వాతర్వాత ఏమీ తెలియనివాడు అనే అర్థం వచ్చింది."

మొహియుద్దీన్ నోరు తెరిచి వింటున్నాడు. ఆయన ముఖం మీద అలసట వెనక్కి తగ్గి, తరగతిలో ముందుకు వంగి కూర్చునే ఆ పాత మనిషి బయటికి వచ్చాడు. "అయితే ఏమీ తెల్వనోడు నేను, తెల్వని జబ్బు ఆమెది. ఇద్దరిదీ ఒకటే ఖాందాన్," అన్నాడు. ఆయనే నవ్వాడు.

అప్పుడే డాక్టర్ వచ్చింది. చిన్న వయసు, ముఖం నిండా నిద్రలేమి. పొద్దున తీసిన స్కాన్ చూసుకుని గబగబా మాట్లాడింది.

"పెరికార్డియల్ ఎఫ్యూజన్ మళ్లీ వచ్చింది సార్. ఈసారి ఎక్కువుంది. సాయంత్రం పెరికార్డియోసెంటెసిస్ చేద్దాం. భయపడాల్సింది లేదు."

ఆమె ఆగి, అర్థమైందా అన్నట్టు చూసింది. మొహియుద్దీన్ తల ఊపలేదు. ఒక్కో ముక్కా విడదీసుకుంటున్నట్టు పెదవులు కదిపాడు.

"అంటే గుండె చుట్టూ ఉన్న సంచిల నీళ్లు నిండినయి. సూది పెట్టి గా నీళ్లు తీస్తరు. గంతే కదమ్మా?"

"అంతే సార్," అంది డాక్టర్. ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి. రోజంతా ఇదే చెప్పి చెప్పి అలసిన మనిషికి కూర్చోవడానికి కుర్చీ ఇచ్చినట్టయింది.

"పోయినసారి ఇడియోపతిక్ అన్నరు. ఎందుకొచ్చిందో తెల్వదు అన్నట్టు. ఈసారి తెలుస్తదా?"

"ఆ నీళ్లను మళ్లీ అన్ని టెస్టులకూ పంపుతున్నాం. టీబీ ఉందేమో, థైరాయిడ్ వల్లేమో, అన్నీ చూస్తాం. తెలిస్తే చెప్తా. తెలియకపోతే అదీ చెప్తా."

డాక్టర్ వెళ్లిపోయాక జైనబ్ మొగుణ్ణి రమ్మని సైగ చేసింది. "క్యా బోలే డాక్టర్‌సాబ్?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. తన ఎడమ పిడికిలి బిగించి, దాని మీద కుడి అరచేతిని వదులుగా కప్పాడు. దిల్ కే ఆజూబాజూ ఏక్ థైలీ రహతీ, అని మొదలుపెట్టాడు. పిడికిలి గుండె, అరచెయ్యి సంచి. మధ్యలో నీళ్లు చేరితే పిడికిలి విచ్చుకోవడానికి చోటు చాలదు, అందుకే నీకు ఆయాసం. నీళ్లు తీసేస్తే చోటు వస్తుంది. ఆయన పిడికిలి తెరిచి మూసి చూపించాడు. జైనబ్ ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. ఆమెకు ధైర్యం వచ్చిందో లేదో గానీ, దిండును అదుముకున్న పట్టు వదిలింది.

అనుపమ వాళ్లను అలా వదిలి బయటికి నడిచింది. లిఫ్టు కోసం నిలబడి ఉంటే తాను కూడా ఎడమ పిడికిలి మీద కుడి అరచెయ్యి కప్పి చూసుకుంటోందని గమనించింది. పెరికార్డియం అనే మాటను కొన్ని వందలసార్లు బోర్డు మీద రాసింది. అది ఒక మనిషి లోపల ఉంటుందని మాత్రం ఇవాళే తెలిసినట్టుంది.

మర్నాడు ఆమె గాజు గదికి వెళ్లి, మొహియుద్దీన్‌ను రావద్దని చెప్పలేనని కామరాజుతో అనేసింది. ఎందుకో కూడా చెప్పింది. ఆయన సాంతం విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా అమ్మగారు పోయినప్పుడు నాకూ ఏదో పేరు చెప్పారండీ," అన్నాడు చివరికి. "ఇప్పటికీ అదేంటో నాకు తెలీదు." సిలబస్ మాత్రం అనుకున్న రోజుకు పూర్తవ్వాలని, మాటల కథలు చివరి పావుగంటలోనే చెప్పుకోవాలని షరతు పెట్టాడు. అనుపమ ఒప్పుకుంది. ఆ పావుగంట ఒక్కోసారి అరగంటయ్యేది. అటువైపు వచ్చినా కామరాజు తలుపు తట్టలేదు. ఒకరోజు తనే తల లోపలికి పెట్టి, "పరమాన్నం కూడా ఇదేనాండీ?" అని అడిగి, కాదు సార్, అది పరమ, అంటే అన్నిటికన్నా గొప్పది అనేసరికి, "నాకు తెలుసండీ, అది గొప్పదే," అంటూ వెళ్లిపోయాడు.

జైనబ్ ఇంటికి వచ్చింది. నీళ్లు తీశాక ఆయాసం తగ్గింది, వెల్లకిలా పడుకోగలుగుతోంది. పంపిన టెస్టుల్లో ఏదీ తేలలేదు. టీబీ లేదు, థైరాయిడ్ లేదు. నీళ్లు మళ్లీ చేరకుండా మందులు రాసి, నెలనెలా వచ్చి చూపించుకోమన్నారు. మొహియుద్దీన్ మళ్లీ తరగతికి వస్తున్నాడు గానీ పరీక్షకు కట్టలేదు. నాకేం నౌకరీ ఉందని, నన్ను పరీక్ష చేసేటోళ్లు ఇంట్లనే ఉన్నరు, అంటాడు.

ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే అనుపమ వాళ్లింటికి వెళ్లింది. పంజాగుట్ట చౌరస్తా వెనక సన్న గల్లీలో మేడ మీద రెండు గదులు. జైనబ్ ఆమె ముందు ఖిచిడీ, చింతపండు పులుపుతో చేసిన ఖట్టా పెట్టి, తన కంచంలో ఉప్పు లేని ఖిచిడీ వడ్డించుకుంది. మొగుడి వైపు ఓరగా చూస్తూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం ముడుచుకుంది.

"ఈసారి సుత గదే మాట అన్నరంట గద బేటీ, ఇడియో... ఏందది?"

"ఇడియోపతిక్."

"ఆఁ. తెల్వదు అనుడుకు గంత అందమైన మాట ఉన్నదని నాకు ఎవరూ చెప్పలే. చిన్నప్పుడు మాకు చదువు చెప్పే ఉస్తానీ సబక్ అడిగితే తెల్వదు అని దెబ్బలు తింటుంటి. గీ మాట వచ్చి ఉంటే బతికిపోతుంటి."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు నెమ్మదించాక జైనబ్ ముద్ద కలుపుతూ ఆలోచనలో పడింది. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"నాకు ఒకటి సమజ్ గాలే బేటీ. గుండె లోపల ఉంటది, దాని చుట్టూ సంచి ఇంకా లోపల. బతికున్నోళ్లకైతే కనపడది. మరి గా సంచిని మొట్టమొదలు చూసిన మనిషి ఎవరు? చూసినప్పుడు ఏమనుకున్నడు? పెరి అని పెట్టాలని ఎట్ల తోచింది?"

అనుపమ మొహియుద్దీన్ వైపు చూసింది. ఆయన నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, జవాబు కోసం తనకేసే చూస్తున్నాడు.

"తెల్వదు ఆంటీ," అంది.

"అయితే కనుక్కొని రా," అంది జైనబ్ ఖట్టా గిన్నె ఆమె వైపు జరుపుతూ. "పై ఆదివారం వంకాయలు తెప్పించి బైంగన్ వండుత. అప్పటికన్న గీ మనిషి నాకు చిటికెడు ఉప్పు ఏస్కోనిస్తడేమో చూద్దాం."